ఆకురాయి పట్టని చేతికి ఫిట్టర్ పాఠం

గనిలో పనిచేసేవాళ్లు తలపైనున్న రాతిని ఇనుప కడ్డీతో తట్టి చూస్తారు. గట్టి రాయి ఖంగుమంటుంది, వదులైంది డొల్లగా మోగుతుంది. ఆ తేడా చెవికి ఎక్కాలంటే పెద్దవాళ్ల పక్కన నిలబడి వినాల్సిందే. 3 కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన కోలారు బంగారు గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. ఇప్పుడు కోలారు జిల్లా పిల్లలకు పని దొరికేది బీఈఎంఎల్ లాంటి పాత కర్మాగారంలోనో, నరసాపురం, మాలూరు పారిశ్రామిక వాడల్లోనో, లేదంటే రైలెక్కి వెళ్లే బెంగళూరులోనో. అక్కడికి చేర్చే దారుల్లో ఒకటి ఐటీఐ.

2020 మార్చి 25న దేశమంతా లాక్‌డౌన్ పడింది, ఐటీఐ షెడ్లకు తాళాలు పడ్డాయి. వృత్తి శిక్షణకు మళ్లీ కేంద్రం అనుమతి ఇచ్చింది సెప్టెంబర్ 21 నుంచి. వెల్డర్ కోర్సు మొత్తం ఏడాదే, అందులో ఆరు నెలలు ఫోన్‌లో ఆన్‌లైన్ పాఠాల పాలయ్యాయి. ఫోన్ ఉన్నవాళ్ల సంగతి ఇది. 2017-18 జాతీయ నమూనా సర్వే ప్రకారం పల్లెల్లో నూటికి సుమారు 15 ఇళ్లకే ఇంటర్నెట్ ఉండేది.

అలాగని ఆన్‌లైన్ పాఠాన్ని కొట్టిపారేయలేం. వెల్డింగ్ షెడ్డులో మాస్టారి చుట్టూ ఇరవై మంది మూగితే, నల్లద్దం చాటున కరుగుతున్న లోహం ముందు వరుసకే కనబడుతుంది. కెమెరాకు తగిన అద్దం పెట్టి తీసిన వీడియోలో అది అందరికీ కనబడుతుంది, వెనక్కి తిప్పి మళ్లీ చూడొచ్చు. వెర్నియర్ మీద 0.02 మిల్లీమీటర్లు చదవడం, ఓమ్ సూత్రం, డ్రాయింగ్, జాగ్రత్తలు, ఇవన్నీ తెర మీద బాగానే ఒంటబడతాయి. కేంద్ర శిక్షణ శాఖ 2019లోనే తెచ్చిన ‘భారత్ స్కిల్స్’ వేదికలో పుస్తకాలు, ప్రశ్నలు, వీడియోలు ఉన్నాయి.

చిక్కు చేతి దగ్గర మొదలవుతుంది. ఫిట్టర్ విద్యార్థికి మొదట్లో ఇచ్చే పని ఇనుప ముక్కను ఆకురాయితో సమంగా అరగదీయడం. వినడానికి ఇంతే. ఆకురాయిని ముందుకు తోస్తున్నప్పుడు మొదట బరువు ముందు చేతిమీద ఉండాలి, మధ్యలో రెండు చేతులకూ సమానం కావాలి, చివరికి పిడి పట్టిన చేతికి మారాలి. అలా మారకపోతే అంచులు అరిగి నడుమ ఉబ్బుతుంది. మూలమట్టం ఆనించి వెలుగుకు పట్టి చూస్తే అంచుల దగ్గర సందులోంచి వెలుతురు జారుతుంది. ఆ సందును ఫోటో తీసి మాస్టారికి పంపొచ్చు. బరువు ఏ క్షణాన తప్పిందో ఫోటో చెప్పదు. పక్కనుంటే ఆయన మోచేతిని ఒకసారి సర్ది వెళ్లేవాడు. ఇంతకీ ముక్కను బిగించి పట్టే వైస్ ఇంట్లో ఎక్కడిది?

వెల్డింగ్‌కు చెవి కూడా కావాలి. ఆర్క్ పొడవు కుదిరితే నూనెలో వేగుతున్నట్టు ఒకే తీరుగా చిటపటమంటుంది, కుదరకపోతే తెగి తెగి వస్తుంది. వీడియో కాల్ యాప్‌లేమో మన మాట స్పష్టంగా వినబడాలని అలాంటి చప్పుళ్లనే అణిచేస్తాయి. నేర్చుకోవలసిందే వినబడకుండా పోతుందన్నమాట.

భాష మరో గొడవ. ముళబాగిలు, శ్రీనివాసపురం వైపు ఇళ్లలో తెలుగు, బడిలో కన్నడం, పనిముట్ల పేర్లు ఇంగ్లీషు. కోలారు బంగారు గనుల (కేజీఎఫ్) కాలనీల్లో తమిళం. షెడ్డులో మాస్టారు విద్యార్థి ముఖం చూసి, అర్థం కాలేదని పసిగట్టి మాట మారుస్తాడు. రికార్డు చేసిన పాఠం మారదు.

నా దృష్టిలో అప్పటి పొరపాటు ఆన్‌లైన్‌లో చెప్పడం కాదు, వీడియో చూసిన గంటను పనిచేసిన గంటగా లెక్క రాయడం. థియరీ ఫోన్‌లో ముగిస్తే, షెడ్డు తెరిచాక రోజంతా చేతిపనికే మిగలాలి. చిన్న జట్లుగా పిలిచినా సరే, తగ్గిన గంటలు తిరిగి ఇవ్వాలి.

మీ పిల్లవాడిని ఐటీఐలో చేర్చేటప్పుడు ఎన్ని స్మార్ట్ తరగతులున్నాయని కాదు, వారానికి ఎన్ని గంటలు వైస్ ముందు నిలబెడతారో అడగండి.