ఆపరేషన్ ఉచితమే, మరి దారి ఖర్చులు?



"బిడ్డ గుండె ఆపరేషనుకైతే ఎంతైనా ఇస్తాం" అనేవారు మాకు చాలామందే దొరుకుతారు. తిరుపతి ప్రయాణానికి అడిగితే మాత్రం కొందరు వెనకాడతారు. అందుకే ఆ ప్రయాణం సంగతి కొంచెం విడమరిచి రాస్తున్నాం.

2021 అక్టోబరులో టీటీడీ వారు తిరుపతిలో శ్రీ పద్మావతి చిన్నపిల్లల హృదయాలయం ప్రారంభించారు. ఒంటిమిట్ట వారికి అది వేలూరు, బెంగళూరు కంటే దగ్గర. ఆరోగ్యశ్రీ, అంటే ఇప్పటి ఎన్టీఆర్ వైద్యసేవ, వర్తించే పేద కుటుంబానికి ఆపరేషన్ ఖర్చు ఉండదు. కష్టమంతా డాక్టరు గది దాకా చేరడంలోనే. 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి టిక్కెట్టు లేదు, అది మంచిదే. కానీ తండ్రి ఛార్జీ, ఇద్దరి కూలీ, తిండి ఎక్కడికి పోతాయి? పరీక్ష మరుసటి రోజుకు పడితే రాత్రి బస కూడా. ఆపరేషన్ అయ్యాక కూడా చూపించుకోవడానికి మళ్లీ మళ్లీ వెళ్లాలి. చేతిలో డబ్బు లేక ఆగిపోయేది ఎక్కువగా అక్కడే.

బయలుదేరే ముందు కాగితాలు చూస్తాం. బియ్యం కార్డులో పసిబిడ్డ పేరు ఎక్కకపోతే ముందు సచివాలయానికి పంపుతాం. ఆధార్, పాత ఎకో రిపోర్టులు, టీకాల కార్డు, వాడుతున్న మందుల అట్టలు అన్నీ ఒకే సంచిలో పెట్టిస్తాం. డాక్టరు చెప్పనిదే మందు ఆపొద్దని, బిడ్డను పస్తు ఉంచొద్దని గట్టిగా చెబుతాం.

అన్నిటికంటే ముఖ్యం తల్లి మాట. డాక్టరు ముందు మాట్లాడేది సాధారణంగా తండ్రి. కానీ పాలు తాగుతూ బిడ్డ ఎన్నిసార్లు ఆగుతుందో, నుదుట చెమట ఎప్పుడు పడుతుందో, పెదాలు ఎప్పుడు నీలంగా మారతాయో తెలిసింది తల్లికి. ఇంట్లో ఉర్దూ మాట్లాడే తల్లి తెలుగులో చెప్పడానికి జంకుతుంది. అందుకని ముందు రోజు మా సభ్యురాలొకరు ఇంటికెళ్లి, ఆమె చెప్పిందంతా తెలుగులో రాసిస్తారు. అడగాల్సిన ప్రశ్నలూ ఆ కాగితం మీదే. ఆయాసం వచ్చినప్పుడు ఫోనులో వీడియో తీయమంటాం. డాక్టరు చూసే వేళకు బిడ్డ హాయిగా నవ్వుతూ ఉండొచ్చు కదా! ఎక్స్‌రే దగ్గర మెడలో తాయెత్తు తీయమంటే కంగారుపడొద్దని కూడా ముందే చెప్పి పంపుతాం.

ఈసారి సదఖా ఇచ్చేటప్పుడు రసీదులో "ప్రయాణ ఖర్చులకు" అని రాయించండి. ఆ సొమ్ము లెక్క టిక్కెట్లతో సహా మా ఆఫీసులో ఎప్పుడైనా చూసుకోవచ్చు.