మగ్గం దిగిన పెద్దల కాళ్లకు సత్తువ

మన ఇండ్లలో పెద్దవారిని కాస్త నడవమంటే ఒక జవాబు తప్పక వస్తుంది. "నలభై ఏళ్లు మగ్గం తొక్కిన కాళ్లివి. వీటికి వేరే నడక దేనికి?" అంటారు. సోలాపూరులోను, భీవండిలోను, సేలంలోను, బరంపురంలోను, యానాంలోను మనవారి మాట ఇదే. ఇందులో సగం నిజం కలదు. మిగిలిన సగం తెలియక పలువురు పెద్దలు మగ్గం దిగిన కొద్దికాలానికే గడప దాటలేని స్థితికి వస్తున్నారు. ఆ సంగతి మనవారికి విన్నవించదలచినాము.

గుంటమగ్గం ముందు కూర్చొన్న నేతగాని ఒంటి తీరు చూడండి. బరువంతా కూర్చొన్న చోటనే ఉంటుంది. కాళ్లు గుంటలో ఉండి తొక్కుడు కర్రలను ఒకదాని తరువాత ఒకటి నొక్కుతాయి. పిక్కలు, చీలమండలు బాగా పనిచేస్తాయి. తొడలకు కొంత పని ఉన్నది. కాని ఒంటి బరువును కింది నుంచి పైకి లేపే పని, ఒక కాలి మీద నిలిచి రెండవది ముందుకు వేసే పని మగ్గంలో లేదు. పూర్వం ఆ లోటును వృత్తిలోని ఇతర పనులే తీర్చేవి. పడుగును వీధి పొడవునా సాగదీసి, గంజి పెట్టి, కుంచె పట్టి ఆ కొస నుంచి ఈ కొసకు పోతూ వస్తూ ఉండేవారు. ఒక్క పడుగుకు ఎన్నిమార్లు తిరిగేవారో ఎవరూ లెక్కపెట్టుకోలేదు. నూలు కోసం, బట్ట అమ్మకం కోసం నడిచి పోయేవారు. నేడు చాలాచోట్ల చుట్టి సిద్ధం చేసిన పడుగే ఇంటికి వస్తున్నది, నేసిన బట్ట బండి మీద పోతున్నది. మరమగ్గాల వారు రోజంతా నిలబడి మగ్గాల నడుమ తిరుగుతారు కనుక వారికి నడక కరవు లేదు, పని మానిన నాడే కరవు మొదలు. ఇక ఇంటిలో బీడీలు చుట్టే మన ఆడవారి కష్టం అందరికంటె ఎక్కువ. కాళ్లు మడిచి కూర్చొన్నవారు కూర్చొన్నట్టే పొద్దు వాలుతుంది.

కూర్చొని చేసే పనికి, తిరిగి చేసే పనికి గల తేడాను లెక్కలతో చూపినవారిలో జెరెమీ మోరిస్ అనే ఆంగ్ల వైద్యుడు పేరుపడ్డారు. లండనులో రెండంతస్తుల బస్సులను నడిపే డ్రైవర్లను, అదే బస్సులలో మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లిచ్చే కండక్టర్లను ఆయన పోల్చి చూచినారు. కండక్టర్లకు గుండెజబ్బు తక్కువని 1953లో ప్రకటించినారు. బస్సు ఒకటే, కూలి చేసే గంటలూ ఒకటే. తేడా కాళ్లలో ఉన్నది.

వయసు మీరిన కొద్దీ ఒంటి కండ తరగడం సహజం. అది నడివయసు నుంచే మెల్లగా మొదలవుతుంది. కాని మంచం పట్టినప్పుడు మెల్లగా జరగదు. 2007లో అమెరికాలో ఆరోగ్యంగా ఉన్న కొందరు వృద్ధులను పది రోజులు పడకలోనే ఉంచి పరీక్షించినారు. ఆ పది రోజులకే కాళ్ల కండ సగటున ఒక కిలోకు కాస్త తక్కువగా కరిగిపోయినది. జబ్బులేని వారి గతే ఇది. జ్వరంతోనో, ఆపరేషనుతోనో పడుకున్నవారి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

ఇక్కడ మా ఇంటి సంగతి ఒకటి చెప్పక తప్పదు. మా పెదనాన్నగారు చూపు మందగించి 68వ ఏట మగ్గం దిగినారు. కొడుకులు మంచివారు. "నాయనా, మీరు కూర్చోండి, ఇన్నాళ్లు పడ్డ కష్టం చాలదా" అని మంచినీళ్లు సైతం మంచం వద్దకే అందించినారు. ఆరు నెలలు తిరగకుండానే ఆయన భోజనానికి పీట మీద కూర్చొంటే ఒకరు చేయి పట్టి లేపవలసి వచ్చినది. ఒకనాడు స్నానాల గదిలో జారి పడినారు. దైవవశాన ఎముక విరగలేదు. తప్పు ఎవరిది? మా అందరిదీ. మర్యాద పేరిట ఆయన కాళ్లకు పని లేకుండా చేసినాము. ఆ తరువాత మనవరాలు పొద్దున్నే చేయి పట్టుకొని గడప నుంచి వీధి చివరి గుడి దాకా నడిపించసాగింది. మూడు నెలలకు పాలపాకెట్టు తానే తెచ్చుకొనేవారు. నేల మీద నుంచి లేవడం మాత్రం చివరిదాకా కష్టంగానే ఉండేది. దాని కారణం మాకు ఆలస్యంగా తెలిసినది: నడక ఒక్కటే చాలదు.

నడకకు గుండె, ఊపిరి, కీళ్లు బాగుపడతాయి. కాని కూర్చొన్న చోటు నుంచి ఒంటిని లేపే తొడ ముందరి కండకు సమనేల మీది నడక ఇచ్చే పని కొద్ది. దానికి బరువు లేపే పని కావలెను. ఈ వయసులో కండ తిరిగి వస్తుందా అని అనుమానించవద్దు. 1990లో అమెరికాలోని బోస్టను నగరంలో ఒక వృద్ధాశ్రమంలో 86 మొదలు 96 ఏండ్లవారి చేత ఎనిమిది వారాలు తొడలతో బరువు లేపించినారు. వారి తొడల బలం సగటున రెండున్నర రెట్లు దాటినది. మన ఇంటిలో అందుకు యంత్రాలు అక్కరలేదు, ఒంటి బరువే చాలును. మోకాలి ఎత్తు గల గట్టి కుర్చీని గోడకు ఆనించి, చేతులు రొమ్ము మీద కట్టుకొని, లేచి నిలిచి మెల్లగా కూర్చోవలెను. పడినట్టు కూర్చోరాదు, ఆపుకొంటూ దిగడంలోనే సగం లాభం ఉన్నది. అలా ఎనిమిది పదిమార్లు చేసి, కాస్త ఆగి మరల చేయవలెను. చేతులు ఆనించకుండా లేవలేనివారు మొదట ఆనించియే లేవవచ్చు. గోడ పట్టుకొని మునివేళ్ల మీద లేవడం, గోడ పక్కనే ఒంటికాలి మీద కొద్దిసేపు నిలవడం కూడా చేయదగినవి. ఇవి వారానికి రెండు మూడు రోజులైనా ఉండవలెను.

ఎవరి కాళ్లు ఎంతలో ఉన్నవో ఆ కుర్చీయే చెబుతుంది. ముప్పై సెకండ్లలో ఎన్నిమార్లు పూర్తిగా లేచినారో లెక్కపెట్టండి. 70 నుంచి 74 ఏండ్ల వయసులో మగవారు 12 కంటె, ఆడవారు 10 కంటె తక్కువైతే కాళ్లు బలహీనపడినట్టు, పడిపోయే భయం ఉన్నట్టు వైద్యులు ఎంచుతారు.

నడక విషయానికి వస్తే వారానికి 150 నిమిషాలు తక్కువ కాకుండా నడవమని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2020లో చెప్పినది. అనగా వారంలో అయిదు రోజులు, రోజుకు అరగంట. ఒక్కసారే అక్కరలేదు, పొద్దున పది, సాయంత్రం పది, మధ్య ఒక పది అయినా సరే. మాట్లాడగలగాలి గాని పాట పాడలేనంత వేగం ఉంటే అది సరియైన నడక. రోజుకు పదివేల అడుగులు నడవలేకపోతున్నామని కొందరు దిగులుపడి అసలే మానుకొంటున్నారు. ఆ పదివేలు 1965లో జపానులో అడుగులు లెక్కించే ఒక పరికరం అమ్మకానికి పెట్టిన పేరులో నుంచి వచ్చిన సంఖ్య. సగటున 72 ఏండ్ల ఆడవారిని పరిశీలించి 2019లో ప్రకటించిన లెక్కలో 2,700 అడుగులు వేసేవారికంటె 4,400 వేసేవారిలో మరణాలు తక్కువ కనిపించినవి. 7,500 దాటిన తరువాత పెద్ద తేడా లేదు. కాబట్టి నేడు ఎంత నడుస్తున్నారో దానికి కాస్త కలుపుకుంటూ పోవడమే పని.

సోలాపూరు వేసవి ఎండ సంగతి అక్కడివారికి మేము చెప్పనక్కరలేదు, ఏడు గంటలలోపే ముగించవలెను. సిద్ధేశ్వర చెరువు చుట్టుపక్కల నడిచేవారికి తోడు కూడా దొరుకుతుంది. తోడు ఉన్న నడక నిలుస్తుంది.

కొన్ని సంగతులు మాత్రం తేలికగా తీసుకోరాదు. నడుస్తుండగా రొమ్ములో బిగువు, తల తిరగడం కలిగితే ఆగి వైద్యుని చూడవలెను. కొంతదూరం నడిచేసరికి పిక్క పట్టివేసి, ఆగితే తగ్గి, మరల నడిస్తే మరల రావడం రక్తనాళాలు పూడుకుపోవుటకు గురుతు కావచ్చు. బీడీ, పొగాకు అలవాటు గలవారిలో ఇది ఎక్కువ. దాన్ని ముసలితనం అని వదలివేయరాదు. మధుమేహం గలవారు చెప్పులు లేకుండా నడవరాదు, రాత్రి పాదాలు చూచుకోవలెను. రక్తపోటు మాత్రలు వేసుకొనేవారు మంచం మీద నుంచి ఒక్కసారి లేవక కాసేపు అంచున కూర్చొని లేవవలెను. మోకాళ్ల నొప్పి గలవారు నడిస్తే కీలు అరుగుతుందని భయపడతారు. తగుమాత్రపు నడకతో అరుగుదల పెరగదు సరిగదా, తొడ బలపడితే నొప్పి తగ్గుతుంది.

తిండి విషయం ఒక్క మాట. కండకు మాంసకృత్తులు కావలెను. వృద్ధులకు ఒంటి బరువులో కిలోకు ఒక గ్రాము తక్కువ కాకుండా తినమంటారు. మూత్రపిండాల జబ్బు గలవారు మాత్రం వైద్యుని అడగవలెను. ఒక కోడిగుడ్డులో దాదాపు ఆరు గ్రాములు, నూరు గ్రాముల కందిపప్పులో దాదాపు ఇరవైరెండు గ్రాములు ఉంటాయి. పళ్లు లేవని పెద్దవారికి చారు అన్నం మాత్రమే పెట్టే ఇండ్లవారు మెత్తగా ఉడికిన పప్పు, పెరుగు, చేప, గుడ్డు సంగతి ఆలోచించవలెను.

చేతికర్ర పట్టడానికి సిగ్గుపడేవారు మనలో ఎక్కువ, పట్టినవారిలో తప్పుగా పట్టేవారు మరీ ఎక్కువ. కుడికాలు నొప్పిగా ఉంటే కర్ర ఎడమచేతిలో ఉండవలెను, ఆ కాలితోపాటే కర్ర కూడా ముందుకు పడవలెను. నిటారుగా నిలిచి చేయి వదులుగా వేలాడదీసినప్పుడు కర్ర పిడి మణికట్టు దగ్గరకు రావలెను. కర్ర కింద రబ్బరు బిళ్ల అరిగిపోతే వెంటనే మార్చండి.