దోస్తులే చుట్టాలు

పెళ్లి, వంశం అనే గీతల బయట బతికే రచయిత ఏం రాస్తాడు? ఎవరితో స్నేహం చేస్తాడు? తీరిక దొరికితే ఏం చేస్తాడు? అడిక్‌మెట్ నుంచి తార్నాక దాకా పరుచుకున్న యూనివర్సిటీ నేల మీద ఈ ప్రశ్నలు వేసుకుంటే, జవాబులు హైదరాబాద్ చరిత్రలోనే దొరుకుతాయి.

అడిక్‌మెట్ నేలకు కవిత్వంతో చుట్టరికం ఈనాటిది కాదు. ఇప్పుడు ఉస్మానియా విశ్వవిద్యాలయం ఉన్న ఈ ప్రాంతం ఒకప్పుడు మాహ్ లఖా బాయి చందా జాగీరు. 1768లో పుట్టి 1824లో కన్నుమూసిన ఆమె ఉర్దూ గజల్ కవయిత్రి, నర్తకి. విలువిద్య నేర్చింది. నిజాం వెంట యుద్ధయాత్రలకూ వెళ్లింది. పెళ్లి మాత్రం చేసుకోలేదు. ఆడపిల్లలను తెచ్చి పెంచుకుంది. పోయేముందు తన ఆస్తిని నిలువనీడ లేని ఆడవాళ్లకు రాసిచ్చింది. ఆమె గజళ్ల దివాన్ ఆమె పోయాక వెలువడింది. సమాధి మౌలాలి గుట్ట కింద ఉంది.

ఆమె కాలం వేరు, ఆమె కథ వేరు. అయినా సంసారం అనే చట్రం బయట కూడా ఒక మనిషి నిండుగా బతకవచ్చనీ, రాసుకోవచ్చనీ, తనవాళ్లను తానే కూడగట్టుకోవచ్చనీ ఈ నేల రెండు వందల ఏళ్ల కిందటే చూసింది. మన కాలంలో ఇదే నగరంలో అలా బతికి, ఆ బతుకును దాచకుండా రాసిన కవి హోషాంగ్ మర్చంట్.

చీర గుడ్డ అట్టల పుస్తకాలు

మర్చంట్ 1947లో బొంబాయిలో ఒక పార్సీ కుటుంబంలో పుట్టారు. అమెరికా వెళ్లి పర్డ్యూ యూనివర్సిటీలో రచయిత్రి అనాయిస్ నిన్ రచనల మీద పీహెచ్‌డీ చేశారు. జర్మనీ, ఇరాన్, జెరూసలేం తిరిగారు. ధర్మశాలలో బౌద్ధం చదువుకున్నారు. చివరికి హైదరాబాద్ చేరి, సెంట్రల్ యూనివర్సిటీలో రెండు దశాబ్దాలకు పైగా ఇంగ్లీషు సాహిత్యం బోధించారు.

ఆయన కవితా సంపుటాలు చాలావరకు కలకత్తాలోని రైటర్స్ వర్క్‌షాప్ అచ్చువేసింది. పి.లాల్ 1958లో మొదలుపెట్టిన సంస్థ అది. లాల్ పుస్తకాన్ని చేతిలోకి తీసుకుంటే ముందు వేళ్లకు తగిలేది నేత గరుకు. అట్టకు చేనేత చీర గుడ్డ చుట్టి, దాని మీద బంగారు రంగులో పేరు అద్దుతారు. పేరు రాసిన దస్తూరీ లాల్‌దే. పెద్ద ప్రచురణకర్తలు వెనకాడే కవిత్వానికి ఇలాంటి చిన్న చోట్లే ఆసరా ఇచ్చాయి. మగవాడు మగవాడి మీద ప్రేమతో రాసిన కవితలు అలా చీర గుడ్డ కప్పుకుని పాఠకుల ఇళ్లకు చేరాయి.

1999లో పెంగ్విన్ సంస్థ ఆయన సంపాదకత్వంలో 'యారానా' వేసింది. భారతీయ గే రచనలకు అది తొలి సంకలనం. ఉర్దూ కవి ఫిరాక్ గోరఖ్‌పురీ, చిత్రకారుడు భూపేన్ ఖఖ్ఖర్, నాటకకర్త మహేశ్ దత్తానీ, నవలాకారుడు ఆర్.రాజ్ రావు అందులో ఒకే పంక్తిలో కూర్చున్నారు. సంకలనానికి మగవాళ్ల స్నేహం పేరే పెట్టడంలో ఆయన ఆలోచన కనిపిస్తుంది. మన దేశంలో ఈ ప్రేమ బతికి బట్టకట్టింది స్నేహం నీడలోనే.

ఆ ఏడాది పరిస్థితి ఏమిటో గుర్తు చేసుకోవాలి. 1860 నాటి శిక్షాస్మృతిలోని 377వ సెక్షన్ అప్పటికి అమల్లోనే ఉంది. యావజ్జీవం గానీ, పదేళ్ల దాకా జైలు గానీ వేయవచ్చు. అలాంటి రోజుల్లో కేంద్ర ప్రభుత్వ విశ్వవిద్యాలయంలో పనిచేస్తున్న అధ్యాపకుడు ఆ పుస్తకం అట్ట మీద తన పేరు వేసుకున్నాడు. మరునాడు యథాప్రకారం క్లాసుకు వెళ్లి పాఠం చెప్పాలి. ఆ ధైర్యానికి తగిన గౌరవం మనం ఇంకా ఇవ్వలేదు.

ఇద్దరు కుర్రాళ్లకు ఒక గది

అడిక్‌మెట్, విద్యానగర్, తార్నాక సందుల్లో టు-లెట్ బోర్డులకు కొదవ లేదు. గ్రూప్స్‌కు చదివేవాళ్లు, పరిశోధక విద్యార్థులు ఇద్దరు ముగ్గురు కలిసి గది తీసుకుంటారు. కరెంటు కుక్కర్లో అన్నం, కర్రీ పాయింట్ నుంచి కూర, గోడ మేకులకు కట్టిన దండెం, కిటికీలో పోటీ పరీక్షల పుస్తకాల దొంతర. ఒకడి చొక్కా ఇంకొకడు వేసుకుంటాడు. జ్వరం వస్తే రెండోవాడే గాంధీ ఆసుపత్రికి తీసుకెళ్తాడు. భుజాల మీద చేతులేసుకుని ఆర్ట్స్ కాలేజీ దాకా నడిచినా ఎవరూ వెనక్కి తిరిగి చూడరు.

గే కుర్రాడికి ఈ దోస్తానా పెద్ద అండ. అదే పెద్ద ముసుగు కూడా. రూమ్మేట్లు అన్నంతకాలం అద్దె గది దొరుకుతుంది. మేమిద్దరం జంట అని నోరు తెరిస్తే ఓనరు ముఖం మారిపోతుంది. పండక్కి ఊరెళ్తే 'పెళ్లెప్పుడు రా' అని అందరూ అడుగుతారు, నీకు తోడెవరని అడిగేవారుండరు. చదువులో, కొలువులో మనసును కట్టేసుకోవచ్చు. తీరిక దొరికినప్పుడే కష్టం. సాయంత్రం చాయ్ దగ్గర నలుగురూ తమ ప్రేమల గురించి చెప్పుకుంటుంటే తనొక్కడే కల్పించి చెప్పాలి, లేదా నవ్వి ఊరుకోవాలి. తనలా తాను మాట్లాడుకోగల గంటసేపు, వినే ఒక్క దోస్తు. ఆ మాత్రం దొరక్కే ఎందరో రాయడం మొదలుపెట్టకుండానే ఆగిపోతారు.

మర్చంట్ జీవితంలో స్నేహితులు పుస్తకాలు కూడా నిలబెట్టారు. అక్షయ కుమార్ రథ్ సంపాదకత్వంలో ఆయన రచనల సంపుటి వచ్చింది. అమెరికాలో ఉండే కవి కాజిం అలీ ఎంచి కూర్చిన కవితలు 2016లో నవయాన ప్రచురణ సంస్థ ద్వారా వెలువడ్డాయి. వారసులు చేసే పనిని ఇక్కడ తోటి రచయితలు చేశారు.

అమలిన శృంగారం దాటి

తెలుగు ప్రేమ కవిత్వానికి కొత్త దారి వేసిన రాయప్రోలు సుబ్బారావు ఉస్మానియాలో తెలుగు శాఖకు అధ్యక్షత వహించారు. 1913 నాటి ఆయన 'తృణకంకణం'లో ప్రేమ పెళ్లిగా మారదు, స్నేహంగా మారుతుంది. దేహం ప్రసక్తి లేని ఆ స్నేహాన్నే ఆయన 'అమలిన శృంగారం' అంటూ అన్నింటికన్నా ఎత్తున కూర్చోబెట్టారు. పెళ్లిలో ఇమడని అనురాగానికి మన కవిత్వం వందేళ్ల కిందటే పీట వేసిందన్నమాట. ఆ పీట మీద ఇద్దరు మగవాళ్లకో, ఇద్దరు ఆడవాళ్లకో చోటివ్వడానికి మనకు అభ్యంతరం ఎందుకు?

ఒక్క జాగ్రత్త మాత్రం కావాలి. దేహం ఊసెత్తనంతవరకే మీ ప్రేమను ఒప్పుకుంటాం అని వాళ్లకు షరతు పెట్టకూడదు. మర్చంట్ కవిత్వం దేహాన్ని దాచలేదు. దాచమని అడిగే హక్కు కూడా మనకు లేదు.

ఈ ప్రేమను ఒప్పుకోవడంలో కోర్టుల దారి కూడా వంకరటింకరగా సాగింది. 2009లో ఢిల్లీ హైకోర్టు 377 పట్టు సడలించింది. హైదరాబాద్‌లో తొలి ప్రైడ్ యాత్ర జరిగిన 2013లోనే సుప్రీంకోర్టు దాన్ని మళ్లీ బిగించింది. 2018 సెప్టెంబరు 6న ఇష్టపూర్వక సంబంధాలకు ఆ సెక్షన్ వర్తించదని తీర్పు చెప్పింది. పెళ్లి హక్కు కోసం సుప్రీంకోర్టుకు వెళ్లిన సుప్రియో, అభయ్ మన హైదరాబాద్ జంటే. 2023 అక్టోబరు 17 నాటి తీర్పులో ఆ హక్కు వారికి దక్కలేదు.

తెలుగులో రావాల్సింది

తీర్పులు మన పత్రికల్లో మొదటి పేజీకెక్కుతాయి. మామూలు రోజుల సంగతి మాత్రం ఎక్కడా కనబడదు. సినిమాలో గే పాత్ర వచ్చిందంటే చాలాసార్లు నవ్వించడానికే. మనిషిని కేసుగానో, వెకిలి నవ్వుగానో చూడటం అలవాటైన సమాజానికి ఆ మనిషి ఉద్యోగం, అప్పులు, దోస్తులు, ఇష్టమైన పాట కూడా తెలియాలి. అది చేయగలిగింది సాహిత్యమే.

దారి లేకపోలేదు. తమిళ హిజ్రా రచయిత్రి రేవతి ఆత్మకథను పి.సత్యవతి తెలుగు చేస్తే హైదరాబాద్ బుక్ ట్రస్ట్ ప్రచురించింది. ఆ అనువాదానికి 2019 సంవత్సరానికి సాహిత్య అకాడెమీ బహుమతి వచ్చింది. తెలుగు పల్లెలకు పొరుగునే ఉన్న బళ్లారి జిల్లా సండూరులో పుట్టిన వసుధేంద్ర 2013లో కన్నడంలో 'మోహనస్వామి' కథలు రాసి, తాను గే అని లోకానికి చెప్పారు. ఆ కథల్లోని బడి, వీధి, అమ్మ కోపం మనకు కొత్తవి కావు.

అడిక్‌మెట్ గదుల్లో, తార్నాక హాస్టళ్లలో ఇప్పుడు కూడా ఎవరో ఫోన్ నోట్స్‌లో, నోటుపుస్తకం వెనక పేజీల్లో తెలుగులో రాసుకుంటూనే ఉంటారు. వాళ్ల రచనలు అడిగి తీసుకోవాల్సింది పత్రికలు. వాటిని పాఠాల్లో చేర్చాల్సింది తెలుగు శాఖలు. 'యారానా' స్థాయి సంకలనం ఒకటి, రచయితల అసలు పేర్లతో, తెలుగులో రావాలి. పేరు పెట్టుకునే ధైర్యం వాళ్లు చేస్తారు. పేరు పెట్టుకున్నాక గది ఖాళీ చేయించకుండా, కొలువు ఊడగొట్టకుండా, ఇంట్లోంచి గెంటేయకుండా చూసే బాధ్యత చదివే మనది.