లాగిన్‌లోనే తేదీ సరిచేద్దాం

శాఖల నుంచి ఐటీ విభాగానికి కొత్తగా వచ్చిన మిత్రులు నన్ను తరచూ అడిగే ప్రశ్న: లైనక్స్ సర్వర్‌లో రాత్రి 2 గంటలకు షెల్ స్క్రిప్టుతో తీసిన రిపోర్టు మీద నిన్నటి తేదీ ఎందుకు పడుతోంది? సర్వర్ గడియారం యూటీసీలో ఉంటే మనకంటే 5 గంటల 30 నిమిషాలు వెనక నడుస్తుంది. తేదీయే ప్రాణమైన మన వృత్తిలో ఇది చిన్న విషయం కాదు.

యూజర్ స్థాయిలో దీనికి మందు టీజెడ్ అనే ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్. బ్యాష్ షెల్‌లో ఇలా రాయాలి (సర్వర్‌లో ఇంగ్లీషు అక్షరాలతోనే లెండి):

ఎక్స్‌పోర్ట్ టీజెడ్=ఏషియా/కోల్‌కతా

సమానం గుర్తుకు అటూ ఇటూ ఖాళీ వదలకూడదు. ఎక్స్‌పోర్ట్ అనకపోతే విలువ ఆ షెల్‌లోనే ఉండిపోతుంది, అందులోంచి నడిచే ప్రోగ్రాములకు అందదు. ఊరి పేరులో అక్షరం తప్పితే లైనక్స్ ఫిర్యాదు చేయదు. చడీచప్పుడు లేకుండా యూటీసీకే వెళ్తుంది. నా దృష్టిలో అన్నిటికన్నా ప్రమాదం ఇదే.

ఇక ఎక్కడ రాయాలి? లాగిన్ కాగానే బ్యాష్ ముందు అందరికీ ఉమ్మడిదైన ఈటీసీ/ప్రొఫైల్ చదువుతుంది. తర్వాత మన హోమ్ డైరెక్టరీలో .బ్యాష్_ప్రొఫైల్, .బ్యాష్_లాగిన్, .ప్రొఫైల్ అనే వరుసలో వెతికి, మొదట దొరికినదాన్ని మాత్రమే చదువుతుంది. .ప్రొఫైల్ ఉన్నచోట కొత్తగా .బ్యాష్_ప్రొఫైల్ సృష్టిస్తే పాతదాంట్లోని అమరికలన్నీ పక్కన పడతాయి. కాబట్టి ఉన్న ఫైలులోనే చేర్చండి.

మళ్లీ లాగిన్ అయి డేట్ అని కొడితే ఐఎస్‌టీ కనిపించాలి. క్రాన్ నడిపే రాత్రి జాబులు మాత్రం ఈ ఫైళ్లను చదవవు. వాటి స్క్రిప్టు మొదట్లోనే ఆ వాక్యం మళ్లీ రాయాలి.