పాత పికప్ బండిలో చెడిన రేడియోను మార్చు విధము

రావులపాలెమునకు అరటి గెలలను, అంబాజీపేటకు కొబ్బరికాయలను చేరవేయు పికప్ బండ్లు మన డెల్టా గ్రామములలో అనేకము కలవు. పాతబడిన బండ్లలో కర్మాగారమువారు అమర్చిన రేడియో మూగవోయి, ఏండ్ల తరబడి అట్లే విడువబడి యుండుట సామాన్యము. ఇంజను నడచిన చాలును, పాట లేకున్న నేమి యని యజమానులు తలంతురు. కాని 1996 నవంబరు 6వ తేదీ రాత్రి కోనసీమపై విరుచుకుపడిన తుపానును ఎరిగినవారు అట్లు తలంపరు. ఆనాడు విద్యుత్తు స్తంభములు, టెలిఫోను తీగలు నేలగూలినవి. నేడు చేతిలో సెల్ ఫోను ఉన్నను, విద్యుత్తు పోయి టవరు బ్యాటరీ ఉడిగినచో అదియు పలుకదు. బండి బ్యాటరీపై నడచు రేడియోకు వీనితో నిమిత్తము లేదు.

మొదట చేయవలసిన పరీక్ష

రేడియో చెడినదని నిశ్చయించుటకు ముందు ఫ్యూజును చూడవలెను. అది కాలియున్నచో అంతే అంపియర్ల ఫ్యూజును వేయవలెను. హెచ్చు అంపియర్లది వేసినచో తీగలు కాలి బండికే ముప్పు వచ్చును. పిదప ఎర్త్ తీగను, ఏరియలును చూడవలెను. ఉప్పుగాలి వీచు గ్రామములలో వీని అతుకులకు త్రుప్పు త్వరగా పట్టును. దీపము వెలిగియు స్టేషను రానిచో ఏరియలును, స్టేషను సంఖ్య కనబడియు ధ్వని రానిచో స్పీకరు తీగలను అనుమానింపవలెను. ఇవన్నియు బాగున్నచోనే క్రొత్త సెట్టు కొనవలెను.

కొనునపుడు గమనింపవలసినవి

పాత సెట్టు ఊడదీసి కొలత తీసికొనుడు. సాధారణముగా అర వెడల్పు 180 మిల్లీమీటర్లు, ఎత్తు 50 మిల్లీమీటర్లు ఉండును; పెద్ద అరకు ఎత్తు 100 మిల్లీమీటర్లు. లోతును గూడ కొలువవలెను. పికప్ బండ్ల బ్యాటరీ 12 వోల్టులది. పెద్ద లారీలకు 24 వోల్టులు గాన ఒకదాని సెట్టు వేరొకదానికి పనికిరాదు.

అన్నిటికంటె ముఖ్యము మీడియం వేవ్. చవుక సెట్లలో అనేకము ఎఫ్.ఎమ్. మాత్రమే పట్టును. ఎఫ్.ఎమ్. కొంత దూరమునకే వినవచ్చును. మీడియం వేవ్ తరంగములు నేలనంటి చాల దూరము పోవును. 1948 డిసెంబరు 1వ తేదీన ఆరంభమైన విజయవాడ ఆకాశవాణి కేంద్రమును మన పెద్దలు 837 కిలోహెర్ట్జుపై వినుచుండిరి. మన దేశమున ఈ స్టేషన్ల నడుమ ఎడము 9 కిలోహెర్ట్జులు, అమెరికాలో 10. అమెరికా పద్ధతికి అమర్చిన సెట్టు 830 నుండి 840కి దుముకును. నడుమనున్న 837 సరిగా దొరకదు. గావున సెట్టును మన ప్రాంతపు పద్ధతికి మార్చు వీలున్నదేమో అంగడిలోనే అడుగవలెను. మీ యూర మీడియం వేవుపై ఏ స్టేషన్లు వినబడునో చేతి రేడియోతో ముందుగా తెలిసికొనుట మేలు.

అమర్చు విధము

మొదట బ్యాటరీ నెగటివ్ తీగను విప్పవలెను. బండిలోని పాత కప్లరును కోయరాదు. ఆ బండికి సరిపోవు జోడు కప్లరు కొని క్రొత్త సెట్టు తీగలను దానికి అతుకవలెను. క్రొత్త సెట్లలో సాధారణముగా పసుపు తీగ ఎల్లప్పుడు బ్యాటరీతో కలిసియుండవలసినది, ఎఱ్ఱది తాళముతో కలుపవలసినది, నల్లది ఎర్త్. బండి తీగల రంగులు వేరుగా నుండును గనుక మీటరుతో పరీక్షింపక కలుపరాదు. పసుపు, ఎఱుపు తారుమారైనచో తాళము తీసినంతనే సెట్టు స్టేషన్లను మరచును. రెండును నేరుగా బ్యాటరీకి కలిపినచో, సెట్టును ఆపుట మరచిననాడు బ్యాటరీ దిగిపోవును.

ప్రతి స్పీకరుకును రెండు తీగలు సెట్టు నుండియే పోవలెను. పాత బండ్లలో కొన్నిట స్పీకరు తీగ నొకదానిని బండి ఇనుముకు కలిపియుందురు. క్రొత్త సెట్టుకు అట్లు చేసినచో లోని యాంప్లిఫయరు చెడును.

తుపాను హెచ్చరిక వచ్చిన దినములలో గంటకొకమారు వార్తలు విని రేడియోను ఆపివేయుడు. బండిని కదల్చుటకు బ్యాటరీలో శక్తి మిగులవలెను. బ్యాటరీ నింపుటకై మూసిన షెడ్డులో ఇంజను నడుపరాదు. ఆ పొగ ప్రాణములు తీయును. వినిన హెచ్చరికను ఇరుగుపొరుగువారికి వెంటనే చెప్పుడు. ఒక బండిలోని రేడియో ఒక వీధికంతకు ఉపకరించును.