బీపీ మిషన్ వెనక ఉన్న ఫ్యాక్టరీ

ధవళేశ్వరంలో ఇంట్లో అరవై దాటిన పెద్దవాళ్లున్న కుటుంబాలకు ఓమ్రాన్ పేరు కొత్త కాదు. బీపీ మిషన్ మీద ఆ పేరు రోజూ కనిపిస్తూనే ఉంటుంది. షేర్ల మీద ఆసక్తి ఉన్న కుర్రాళ్లకు దాన్ని చూస్తే ఒక ఆలోచన రావడం సహజం: బీపీ ఉన్నవాళ్లు ఏటికేడు పెరుగుతున్నారు, ఈ జపాన్ కంపెనీ షేరు కొంటే తప్పేముంది? కొనొచ్చా కూడదా అన్నది తర్వాతి మాట. ముందు తెలియాల్సింది ఒకటుంది. ఓమ్రాన్ లాభం పెరగాలన్నా పడిపోవాలన్నా ప్రధానంగా తేల్చేది బీపీ మిషన్ కాదు, ఫ్యాక్టరీల్లో యంత్రాలను నడిపించే వ్యాపారం.

1933లో కజుమా తతేయిషి ఒసాకాలో ఈ కంపెనీ మొదలుపెట్టాడు. మొదటి సరుకు ఎక్స్‌రే తీసేటప్పుడు వాడే టైమర్. వైద్యానికి పనికొచ్చే వస్తువే గాని, అందులో ఉన్న పనితనం అంతా కాలాన్ని కచ్చితంగా కొలిచి స్విచ్ వేసి ఆపడంలో ఉంది. యుద్ధ సమయంలో క్యోటోకు మారారు. తర్వాత సెన్సర్లు, 1967లో కితసెన్రి స్టేషన్‌లో ఆటోమేటిక్ టికెట్ గేట్లు, 1970ల్లో బీపీ మిషన్లు. ఓమ్రాన్ అన్న పేరు క్యోటోలోని ఒమురో ప్రాంతం నుంచి వచ్చింది.

ఇన్ని రకాల సరుకులకూ మూలం ఒకటే విద్య. గోదావరికి వరదొచ్చినప్పుడు ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర జరిగేది చూసినవాళ్లకు అది సులువుగా అర్థమవుతుంది. నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండోది, 17.75కు మూడోది. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం అనే బ్యారేజీ భాగాలన్నీ కలిపి 175 గేట్లు. మట్టం కొలుస్తారు, ఏ గేట్లు ఎంత ఎత్తాలో తేల్చుకుంటారు, ఎత్తాక మళ్లీ కొలుస్తారు. ఫ్యాక్టరీలో ఇదే పని సెకనులో వెయ్యో వంతు లెక్కన జరుగుతుంది. సెన్సర్ వస్తువును పసిగడుతుంది, పీఎల్‌సీ అనే కంట్రోలర్ ఏం చెయ్యాలో నిర్ణయిస్తుంది, సర్వో మోటారు కదులుతుంది. కార్లు, బ్యాటరీలు, సెమీకండక్టర్లు, మందులు, ఆహార ప్యాకెట్లు తయారయ్యే చోట్ల ఓమ్రాన్ అమ్మేది ఈ పరికరాలనే.

బీపీ మిషన్ లోపల కూడా అదే పని. పట్టీలో గాలి నిండి జబ్బలోని రక్తనాళాన్ని బిగిస్తుంది. నాడి కొట్టుకున్నప్పుడల్లా పట్టీలోని ఒత్తిడి సన్నగా అదురుతుంది. సెన్సర్ ఆ అదురును పట్టుకుంటుంది. అది ఎక్కడ పెరిగింది, ఎక్కడ తగ్గింది అన్నదాన్ని బట్టి పై అంకెనూ కింది అంకెనూ లోపలి సాఫ్ట్‌వేర్ లెక్కకడుతుంది. అందుకే చొక్కా చెయ్యి మీద పట్టీ కట్టినా, కొలిచేటప్పుడు మాట్లాడుతున్నా అంకె తప్పుతుంది. ఐదు నిమిషాలు కుదురుగా కూర్చుని, వీపు కుర్చీకి ఆనించి, చెయ్యి గుండె ఎత్తున పెట్టుకుని చూసుకోవాలి.

ఇన్వెస్టరు గుర్తుంచుకోవాల్సిన సంగతి కూడా ఈ మిషన్‌లోనే ఉంది. ఒకసారి కొంటే ఏళ్ల తరబడి పనిచేస్తుంది. నెలనెలా మళ్లీ కొనాల్సిన సరుకు కాదు. అమ్మకాలు నిలకడగా ఉంటాయి గాని ఉన్నట్టుండి ఎగబాకవు. ఫ్యాక్టరీ వ్యాపారం తీరు వేరు. కంపెనీలు కొత్త ప్లాంట్లు కడుతుంటే ఆర్డర్లు పోటెత్తుతాయి, చేతులు ముడుచుకుంటే ఎండిపోతాయి.

అంకెలు చూస్తే ఇది తెలుస్తుంది. 2023 మార్చితో ముగిసిన ఏడాదిలో ఓమ్రాన్ అమ్మకాలు సుమారు 87,600 కోట్ల యెన్‌లు, నిర్వహణ లాభం పది వేల కోట్ల పైన. మరుసటి ఏడాది అమ్మకాలు 81,900 కోట్లకు తగ్గాయి. తగ్గుదల ఏడు శాతం లోపే. నిర్వహణ లాభం మాత్రం 3,430 కోట్లకు, అంటే మూడో వంతుకు పడిపోయింది. చైనాలో బ్యాటరీ, సెమీకండక్టర్ రంగాల పెట్టుబడులు మందగించాయి, డిస్ట్రిబ్యూటర్ల దగ్గర సరుకు పేరుకుపోయింది. ఆ దెబ్బ ఎక్కువగా తగిలింది ఆటోమేషన్ విభాగానికే. అదే ఏడాది ఆరోగ్య విభాగం అమ్మకాలు పెరిగాయి. పెరిగినా కంపెనీని నిలబెట్టేంత పెద్దది కాదది.

2024 ఫిబ్రవరిలో అధ్యక్షుడు జుంటా త్సుజినాగా సంస్కరణల ప్రణాళిక ప్రకటించాడు. జపాన్‌లో వెయ్యి, బయట వెయ్యి, మొత్తం రెండు వేల ఉద్యోగాల తగ్గింపు అందులో భాగం. డివిడెండ్ మాత్రం షేరుకు 104 యెన్‌లు ఇచ్చారు. ఆ ఏడాది షేరుకు సంపాదించింది దాదాపు 41 యెన్‌లే. 2025 మార్చితో ముగిసిన ఏడాదిలో నిర్వహణ లాభం 5,400 కోట్లకు కోలుకున్నా డివిడెండ్ సంపాదనను మించే ఉంది. డివిడెండ్ శాతం చూసి మురిసిపోయేవాళ్లు డివిడెండ్‌నూ షేరు సంపాదననూ పక్కపక్కన పెట్టి చూడాలి. పొదుపు సొమ్ముతో షేర్లు కొనేవాళ్లకు ఈ మాట ఎంత గట్టిగా చెప్పినా తక్కువే.

2023 అక్టోబరులో జేఎండీసీ అనే కంపెనీని ఓమ్రాన్ తన అనుబంధ సంస్థగా చేసుకుంది. ఆరోగ్య బీమా సంఘాల క్లెయిముల సమాచారం దాని ఆస్తి. పరికరం ఒక్కసారే అమ్ముడవుతుంది, సమాచారం మీద సేవలు ఏటా అమ్ముకోవచ్చన్నది లెక్క. నా దృష్టిలో ఆలోచన సరైనదే. కాకపోతే పాత వ్యాపారం సన్నబడిన వేళ ఇంత బరువు ఎత్తుకున్నారు, అది ఫలితమివ్వడానికి ఏళ్లు పడుతుంది.

మన వైపు చూస్తే, 2023లో తమిళనాడు ప్రభుత్వంతో ఓమ్రాన్ హెల్త్‌కేర్ ఒప్పందం చేసుకుంది. చెన్నైకి ఉత్తరాన, మన శ్రీసిటీకి అట్టే దూరం కాని చోట, 128 కోట్ల రూపాయల ఫ్యాక్టరీ. గిరాకీ ఉందా అన్న అనుమానం గోదావరి జిల్లాలవాళ్లకు అక్కర్లేదు. 2003-04లో తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లోని 45 గ్రామాల్లో మరణాల కారణాలు ఆరా తీస్తే, గుండె, రక్తనాళాల జబ్బులు 32 శాతంతో మొదటి స్థానంలో నిలిచాయి. పల్లెల్లో అంటురోగాలే ఎక్కువగా చంపుతాయని అనుకుంటున్న రోజులవి. ఇంట్లో ఒక బీపీ మిషన్ ఉండటం ఈ డెల్టాలో విలాసమేమీ కాదు, ఉండి తీరాలి. అయితే మన ఊళ్లో మిషన్ల అవసరం ఎంత పెరిగినా, క్యోటో కంపెనీ లాభం మీద దాని ప్రభావం ఇప్పట్లో స్వల్పమే.

ఓమ్రాన్ షేరు టోక్యోలో 6645 నంబరుతో ట్రేడవుతుంది, అక్కడ 100 షేర్ల లాటుగా కొనాలి. మన స్టాక్ ఎక్స్ఛేంజీల్లో అది లేదు. విదేశాలకు డబ్బు పంపే ఎల్‌ఆర్‌ఎస్ దారిలో వెళ్లాలి, యెన్ విలువ పడితే ఆ నష్టమూ మనదే. ఇన్ని చిక్కులున్నా కొనదలచినవాళ్లకు ఒక వెసులుబాటు ఉంది. వాళ్ల ఆర్థిక సంవత్సరం కూడా మనలాగే ఏప్రిల్ నుంచి మార్చి వరకే. మూడు నెలలకోసారి ఫలితాలు వచ్చినప్పుడు ముందు ఆటోమేషన్ విభాగం ఆర్డర్లు, అందులోనూ చైనా ఆర్డర్లు చూడండి. తర్వాత జేఎండీసీ, ఆ తర్వాతే బీపీ మిషన్లు.