బోరుబావి దగ్గర మొదలయ్యే ఎమ్మెస్

సిద్దిపేట జిల్లా దౌల్తాబాద్ వైపు రైతులకు కరెంటు విలువ ఇంకొకరు చెప్పాల్సిన పనిలేదు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు వచ్చింది. అంతకుముందు విడతలవారీగా, చాలాసార్లు అర్ధరాత్రి ఇచ్చేవారు. టార్చిలైటు పట్టుకుని స్టార్టరు దాకా నడిచినవాళ్లకు పాము భయమూ తెలుసు, షాకు భయమూ తెలుసు. పక్కనే తొగుట మండలంలో 50 టీఎంసీల మల్లన్నసాగర్ ఉంది. దాంట్లోకి నీళ్లు ఎక్కాలంటే తుక్కాపూర్ పంప్‌హౌస్‌లో ఒక్కొక్కటి 43 మెగావాట్ల పంపులు తిరగాలి. ఇక్కడ నీళ్లంటే కరెంటే.

ఇలాంటి ఊళ్లలో పెరిగి ట్రిపుల్‌ఈ చదివిన పిల్లలు విదేశాలకు వెళ్తే ఎక్కువమంది కంప్యూటర్ల వైపే మళ్లుతున్నారు. ఉద్యోగం, జీతం చూసుకుంటే అందులో తప్పుపట్టడానికేం లేదు. కానీ గాలి, ఎండల నుంచి కరెంటు తీసే చదువుకు విదేశాల్లో చాలాకాలంగా మంచి చోట్లు ఉన్నాయి. మనవాళ్ల మాటల్లో వాటి పేర్లు తక్కువగా వినిపిస్తాయి.

జర్మనీలోని ఓల్డెన్‌బర్గ్ విశ్వవిద్యాలయం 1987లోనే పునరుత్పాదక ఇంధనంలో ఇంగ్లిషు మాధ్యమంలో పీజీ కోర్సు పెట్టింది. వర్ధమాన దేశాల ఇంజినీర్లను దృష్టిలో పెట్టుకుని మొదలుపెట్టిన చదువు అది. అదే దేశంలోని ఫ్రైబర్గ్‌లో ఫ్రౌన్‌హోఫర్ సౌరశక్తి సంస్థ ఉంది. దాన్ని 1981లో స్థాపించిన అడాల్ఫ్ గోయెట్జ్‌బెర్గర్ ఆ రోజుల్లోనే మరో సహచరుడితో కలిసి ఒక ఆలోచన చెప్పారు: ప్యానెళ్లను ఎత్తుగా, దూరం దూరంగా నిలబెడితే కింద ఆలుగడ్డ పండించుకోవచ్చని. ఎకరం, అరెకరం ఉన్న రైతుకు ఇంతకంటే దగ్గరి విషయం ఏముంటుంది! భూమి పోకుండా కరెంటు పండించే ఆ పద్ధతిని ఇప్పుడు అగ్రివోల్టాయిక్స్ అంటున్నారు.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్ విశ్వవిద్యాలయం దారి వేరు. అక్కడ సోలార్ సెల్‌నే మెరుగుపరుస్తారు. ప్రొఫెసర్ మార్టిన్ గ్రీన్ బృందం రూపొందించిన పెర్క్ సెల్ తర్వాతి కాలంలో ప్రపంచమంతటా ఫ్యాక్టరీలకు ఎక్కింది. ఆయన దగ్గర పీహెచ్‌డీ చేసిన షీ ఝెంగ్‌రాంగ్ చైనాకు తిరిగి వెళ్లి 2001లో సన్‌టెక్ కంపెనీ పెట్టారు, కోటీశ్వరుడయ్యారు. 2013లో వూషీలోని ఆ కంపెనీ దివాళా తీసింది. ఈ రంగంలో ఎండ ఎంత ఉంటుందో నీడా అంతే ఉంటుంది.

మరి డబ్బు? జర్మనీ ప్రభుత్వ విశ్వవిద్యాలయాల్లో చాలాచోట్ల ట్యూషన్ ఫీజు లేదు. ఫ్రైబర్గ్ ఉన్న బాడెన్-వుర్టెంబర్గ్ రాష్ట్రంలో మాత్రం ఐరోపా సమాఖ్య బయటి విద్యార్థులు సెమిస్టరుకు 1,500 యూరోలు కట్టాలి. ఫీజు లేదన్న మాట విని సంబరపడేవాళ్లను ఆపేది బ్లాక్డ్ అకౌంట్. ఏడాది ఖర్చులకని 2024 లెక్క ప్రకారం 11,904 యూరోలు ముందే ఆ ఖాతాలో వేసి చూపాలి. తర్వాత అదే సొమ్ము నెలకు 992 యూరోల చొప్పున చేతికొస్తుంది. వీసా కంటే ముందు మన సర్టిఫికెట్లను పరిశీలించే ఏపీఎస్ పత్రం కూడా కావాలి.

తెలంగాణలో ఎస్సీ, ఎస్టీ విద్యార్థులకు అంబేద్కర్ పేరుతో, బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే పేరుతో ఓవర్సీస్ విద్యానిధి పథకాలున్నాయి. ఎంపికైతే రూ.20 లక్షల దాకా సాయం అందుతుంది. కుటుంబ ఆదాయం, మార్కులు, ఏ దేశం అన్న షరతులు దరఖాస్తుకు ముందే చూసుకోవాలి. అప్పు తెచ్చి పొలం కాగితాలు బ్యాంకులో పెట్టే ముందు ఈ దారిని ఒకసారి గట్టిగా తట్టడం మేలు.

విదేశాల్లోని ఈ కోర్సుల్లో నేర్పేది ప్యానెల్ బిగించడం మాత్రమే అనుకుంటే పొరపాటు. ఆ పని మన ఎలక్ట్రీషియన్లు బాగానే చేస్తున్నారు. అసలు చిక్కు సూర్యుడు వాలాక మొదలవుతుంది. మధ్యాహ్నం పొంగిపొర్లిన కరెంటు సాయంత్రం ఇళ్లలో దీపాలు వెలిగే వేళకు అడుగంటుతుంది. దాన్ని ఎలా దాచాలి, రేపటి మబ్బును ఈరోజే ఎలా లెక్కగట్టాలి, గ్రిడ్ తూకం తప్పకుండా ఎలా చూడాలి? మన దగ్గర కూడా కొత్త ప్రయత్నాలు జరుగుతున్నాయి. రామగుండంలో ఎన్‌టీపీసీ 100 మెగావాట్ల సోలార్ ప్యానెళ్లను రిజర్వాయరు నీటి మీద తేలేలా అమర్చింది. 2022లో అది పూర్తిస్థాయిలో పనిచేయడం మొదలైంది. కరెంటును దాచడానికి నంద్యాల జిల్లా పిన్నాపురంలో పగటి కరెంటుతో నీళ్లు పైకి తోడి, అవసరమైనప్పుడు కిందికి వదిలి మళ్లీ కరెంటు తీసే పద్ధతిని ఎంచుకున్నారు.

చదువు పూర్తిచేసి తిరిగొచ్చినవాళ్లలో తప్పక తలచుకోవాల్సింది కర్ణాటకకు చెందిన హరీష్ హందేను. అమెరికాలో మసాచుసెట్స్ విశ్వవిద్యాలయం లోవెల్ క్యాంపస్‌లో చదువుతుండగా డొమినికన్ రిపబ్లిక్ వెళ్లారు. పేదలు కూడా సోలార్ దీపాలకు డబ్బు కట్టి వాడుకోవడం అక్కడ చూశారు. 1995లో బెంగళూరులో సోలార్ దీపాలు అందించే ఆయన సంస్థ సెల్కో మొదలైంది, 2011లో ఆయనకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. ఆయన పట్టుకున్న కీలకం యంత్రంలో లేదు, చెల్లింపులో ఉంది: కూలీ, చిరువ్యాపారి సంపాదన ఏ రోజు వస్తే ఆ రోజుకు తగ్గట్టు వాయిదాలు కుదిర్చితే సోలార్ దీపం వాళ్ల ఇంటికీ వెళ్తుంది.

దౌల్తాబాద్ కుర్రాడు ఓల్డెన్‌బర్గ్‌లో కూర్చుని థీసిస్‌కు అంశం కోసం తల పట్టుకోనక్కర్లేదు. బోర్లన్నీ ఎండ ఉన్న గంటల్లోనే నడిస్తే ఊరి ట్రాన్స్‌ఫార్మర్ మీద భారం ఎలా మారుతుంది? తుక్కాపూర్ పంపుల్ని మధ్యాహ్నాలకు జరిపితే ఎంత మిగులుతుంది? దానికి కావలసిన అంకెల్లో కొన్ని బయలుదేరే ముందే దొరుకుతాయి. సబ్‌స్టేషన్‌లో గంటగంటకూ లోడు రాసిపెట్టే లాగ్‌బుక్ ఉంటుంది.